సంతకం ఉంది సరే, సమ్మతి ఉందా?

(న్యాయ అవగాహన సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక్కసారి సంతకం పెడితే ఇక చేసేదేమీ లేదని మనలో చాలామంది అనుకుంటారు. ఇంకొందరు పూర్తిగా అటు కొసన ఉంటారు. "నన్ను మోసం చేసి రాయించుకున్నారు, ఆ కాగితం ఎలాగూ చెల్లదు, నేనెందుకు కోర్టు చుట్టూ తిరగాలి?" అంటారు. మొదటివాళ్లు ఉన్న హక్కును వాడుకోరు. రెండోవాళ్లు హక్కు ఉందన్న ధీమాతో కూర్చుంటారు, ఈలోగా దానికి కాలదోషం పడుతుంది. ఈ రెండో రకం కేసులు చూసినప్పుడే నాకు ఎక్కువ బాధ. న్యాయం వాళ్ల వైపే ఉంటుంది, సాక్ష్యం కూడా ఉంటుంది, గడువు ఒక్కటే మిగలదు. అందుకే ఒప్పందాన్ని దెబ్బతీసే కారణాలేమిటో చెప్పి ఊరుకోను. ఆ కారణం మీ చేతిలో ఉన్నప్పుడు ఏం చేస్తే నిలుస్తుంది, ఏం చేస్తే పోతుంది అన్నదాని మీద ఎక్కువసేపు మాట్లాడతాను.

మన దేశంలో ఒప్పందాలకు మూలం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. వేరే చట్టం పేరు చెప్పకపోతే నేను చెప్పే సెక్షన్లన్నీ దీనివే. ఒప్పందం చట్టం ముందు నిలబడాలంటే ఏం ఉండాలో 10వ సెక్షన్ చెబుతుంది. స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉండాలి. ఒప్పుకునేవాళ్లకు అర్హత ఉండాలి. ప్రతిఫలమూ ఉద్దేశమూ చట్టబద్ధంగా ఉండాలి. ఆ సెక్షన్‌లో సంతకం అన్న మాటే లేదు, గమనించండి. సమ్మతి అంటే ఏమిటో 13వ సెక్షన్‌లో ఉంది: ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడం. అది స్వేచ్ఛగా ఇచ్చిందెప్పుడవుతుందో 14వ సెక్షన్ చెబుతుంది. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు సమాచారం, పొరపాటు. వీటిలో ఏ ఒక్కటి వల్ల వచ్చినా అది స్వేచ్ఛా సమ్మతి కాదు. సంతకం ఆ సమ్మతికి సాక్ష్యం మాత్రమే. మంచి సాక్ష్యమే, కాదనను. కానీ దాన్ని ఖండించే అవకాశం చట్టంలోనే ఉంది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మొత్తం ప్రసంగంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే, దీన్ని గుర్తుంచుకోండి. దెబ్బతిన్న ఒప్పందాలు రెండు రకాలు. ఒకటి పుట్టుకతోనే చెల్లనిది. కోర్టులో దాన్ని వాయిడ్ అంటాం. మైనరు రాసిచ్చిన తనఖా అలాంటిది. కలకత్తా నుంచి వెళ్లిన మొహరీ బీబీ కేసులో 1903లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు, ఆ సంగతి తేల్చేసింది. మైనరుతో ఒప్పందం మొదటి నుంచీ లేనట్టే. నేరం చెయ్యడానికి కుదుర్చుకున్న ఒప్పందమూ అంతే. రెండోది వాయిడబుల్. నష్టపోయినవాడు కావాలనుకుంటే రద్దు చేసుకోగలిగిన ఒప్పందం. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు సమాచారం, ఈ నాలుగూ చాలావరకు ఈ రెండో రకంలోకే వస్తాయి. మీరు రద్దు చేసేదాకా ఆ ఒప్పందం బతికే ఉంటుంది. దాని మీద ఆస్తి చేతులు మారుతుంది, అప్పు పుడుతుంది, మూడోవాళ్లకు హక్కులు వస్తాయి. మోసపోయానన్న నిజం మీ మనసులో ఎంత బలంగా ఉన్నా, మీరు నోరు విప్పనంతకాలం చట్టం దృష్టిలో ఆ కాగితం చెల్లుబాటు అవుతూనే ఉంటుంది.

దీనికి నింగవ్వ కేసు కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. 1968లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నింగవ్వ తన భూముల్లో రెండింటిని భర్త పేర దానంగా రాసివ్వడానికి ఒప్పుకుంది. పత్రం తయారయ్యేసరికి మరో ఊళ్లో ఉన్న ఇంకో రెండు భూములు కూడా అందులో చేరాయి. ఆమెకు చెప్పలేదు. ఆమె సంతకం చేసింది. మోసం జరిగిందా? జరిగింది. సుప్రీంకోర్టు కూడా కాదనలేదు. కానీ కోర్టు ఒక గీత గీసింది. తాను సంతకం పెడుతున్నది ఏ రకం పత్రమో కూడా తెలియకుండా చేసి ఉంటే, అంటే దానపత్రాన్ని చూపించి ఇది ఇంకేదో కాగితం అని నమ్మించి ఉంటే, అది పూర్తిగా చెల్లని పత్రం అయ్యేది. ఇక్కడ అది దానపత్రమని ఆమెకు తెలుసు. లోపల ఏ భూములు ఉన్నాయన్న విషయంలోనే మోసం జరిగింది. కాబట్టి అది రద్దు చేసుకోదగిన పత్రం మాత్రమే. అలాంటి పత్రం మీద మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్లలో దావా వెయ్యాలి. ఆమె గడువు దాటాక వేసింది. దావా పోయింది.

ఈ తీర్పు చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ పత్రం రాసిన 1938లో, ఒక గ్రామంలో, కాపురం చేస్తున్న భర్త మీద దావా వెయ్యడం ఏ స్త్రీకి సాధ్యం? చట్టం ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేదని నా అభిప్రాయం. కానీ ఈరోజుకీ నియమం అదే. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 59వ ఆర్టికల్ కింద, పత్రాన్ని రద్దు చెయ్యమనో ఒప్పందాన్ని రద్దు చెయ్యమనో అడగడానికి గడువు మూడేళ్లు. ఆ హక్కు ఇచ్చే వాస్తవాలు మీకు మొదట తెలిసిన రోజే లెక్కకు ఆరంభం. పత్రం రాసిన రోజు కాదు, తెలిసిన రోజు. కాబట్టి "ఎప్పుడు తెలిసింది?" అన్న ప్రశ్న చుట్టూనే సగం కేసు నడుస్తుంది. తెలిసిన రోజును రుజువు చేసే కాగితం, ఒక సర్టిఫైడ్ కాపీ తీసుకున్న తేదీయో, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తేదీయో, జాగ్రత్తగా దాచుకోండి.

ఇప్పుడు కారణాల దగ్గరికి వద్దాం. బలవంతం 15వ సెక్షన్. శిక్షాస్మృతి నిషేధించిన పని చెయ్యడం, చేస్తానని బెదిరించడం, లేదా ఒకరి ఆస్తిని చట్టవిరుద్ధంగా అట్టేపెట్టుకోవడం, అట్టేపెట్టుకుంటానని బెదిరించడం. కత్తి మెడ మీద పెట్టి రాయించుకోవడమే బలవంతం అనుకోకండి. కోర్టుల దాకా వచ్చినవి అంతకంటే నిశ్శబ్దంగా జరుగుతాయి.

మద్రాసు హైకోర్టులో 1889 నాటి రంగనాయకమ్మ కేసు చూడండి. పదమూడేళ్ల పిల్ల. భర్త చనిపోయాడు. శవం ఇంట్లో ఉంది. ఒక అబ్బాయిని దత్తత తీసుకున్నట్టు ఒప్పుకుంటే తప్ప శవాన్ని కదలనివ్వబోమని బంధువులు అడ్డుపడ్డారు. ఆ పిల్ల ఒప్పుకుంది. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, ఆయుధం లేదు. ఉన్నది ఒక శవం, చుట్టూ పెద్దవాళ్లు, మధ్యలో ఒక బాలిక. ఆ దత్తత ఆమెను కట్టిపడెయ్యదని కోర్టు చెప్పింది. అంత పాత రోజుల్లో, ఆ వయసు వితంతువు మాటకు కోర్టు విలువ ఇచ్చిందంటే, సమ్మతి అన్న సూత్రానికి ఉన్న బలం ఏమిటో అర్థమవుతుంది.

అదే హైకోర్టులో 1917లో చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ. భర్త తాను చచ్చిపోతానని బెదిరించి, భార్య చేతా కొడుకు చేతా తన సోదరుడి పేర హక్కు విడుదల పత్రం రాయించాడు. ఇది బలవంతమా? న్యాయమూర్తులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఎక్కువమంది బలవంతమే అన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించడమూ, ప్రేరేపించడమూ శిక్షార్హమైనప్పుడు ఆత్మహత్యను చట్టం నిషేధించినట్టే కదా అన్నది వాళ్ల తర్కం. విభేదించిన న్యాయమూర్తి, చట్టం శిక్ష వెయ్యని పనిని నిషేధించిందని ఎలా అంటామని అడిగారు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఆత్మహత్యకు ప్రేరేపించడం నేరంగానే ఉంది కానీ, ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చెయ్యడం కోసం చేస్తే తప్ప, ప్రయత్నం నేరంగా లేదు. అంటే పాత తర్కంలో ఒక కాలు విరిగింది. అయినా అలాంటి పత్రం ఈరోజు నిలబడుతుందని నేను అనుకోను. బలవంతం కింద కాకపోతే తర్వాతి సెక్షన్ కింద పడిపోతుంది.

ఆ తర్వాతిది అనుచిత ప్రభావం, 16వ సెక్షన్. మన కుటుంబాల్లో ఎక్కువ ఆస్తులు చేతులు మారేది ఇక్కడే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. ఇందులో రెండు అంగాలున్నాయి. ఒకరికి ఇంకొకరి ఇష్టాయిష్టాలను శాసించగల స్థానం ఉండాలి. ఆ స్థానాన్ని వాడుకుని అన్యాయమైన లాభం పొంది ఉండాలి. మొదటిది మటుకే ఉంటే చాలదు. రెండోది మటుకే ఉన్నా చాలదు.

రఘునాథ్ ప్రసాద్ వర్సెస్ సర్జూ ప్రసాద్, 1924, ప్రివీ కౌన్సిల్. తండ్రీ కొడుకుల మధ్య గొడవ. తండ్రి కొడుకు మీద క్రిమినల్ కేసు పెట్టాడు. ఆ కేసులో వాదించుకోవడానికి కొడుకు ఆస్తి తనఖా పెట్టి దాదాపు పదివేలు తెచ్చాడు. వడ్డీ 24 శాతం, అదీ చక్రవడ్డీ. 11 ఏళ్లు తిరిగేసరికి అది లక్షా 12 వేలు దాటింది. విన్నవాళ్లందరికీ ఇది అన్యాయం అనే అనిపిస్తుంది. ప్రివీ కౌన్సిల్ మాత్రం, వడ్డీ అన్యాయమా కాదా అన్నది తర్వాత, ముందు ఇచ్చినవాడికి తీసుకున్నవాడి మీద ఆధిపత్యం ఉందా అది చెప్పండి అంది. డబ్బు అత్యవసరం కావడం ఆధిపత్యం కాదు. కొడుకు ఆ మెట్టు దగ్గరే ఆగిపోయాడు. కఠినమైన బేరం వేరు, అనుచిత ప్రభావం వేరు. మీ కష్టం చెబితే సరిపోదు, ఆ మనిషికీ మీకూ ఉన్న సంబంధం ఏమిటో చెప్పాలి.

ఆ సంబంధం ఒకసారి రుజువైతే బండి దిశ మారుతుంది. బేరం చూడగానే అన్యాయంగా ఉందనుకోండి, లేదా సాక్ష్యాన్ని బట్టి అలా తేలిందనుకోండి, అనుచిత ప్రభావం లేదని రుజువు చెయ్యాల్సిన భారం లాభం పొందినవాడి మీద పడుతుంది. 2003లో కృష్ణమోహన్ కుల్ కేసులో పత్రం రాసిచ్చిన మనిషి వయసు వందేళ్లు పైబడింది. పక్షవాతం, మంచం మీద నుంచి లేవలేని స్థితి. చూసుకుంటున్నవాళ్ల పేరనే ఆస్తి వెళ్లింది. ఆయన ఇష్టపూర్వకంగానే రాశారని లాభం పొందినవాళ్లే చూపించాలని సుప్రీంకోర్టు అంది. అలాగని రక్తసంబంధం ఉంటే చాలు అనుచిత ప్రభావం ఉన్నట్టే అని కాదు. తాతగారు మనవడికి దానం ఇచ్చిన సుభాష్ చంద్ర దాస్ ముషిబ్ కేసులో, 1967లో అదే కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. వృద్ధాప్యంలో ఇష్టమైనవాళ్లకు ఇవ్వడం సహజం. ఆ ఇష్టం సొంతదా, నూరిపోసిందా అన్నదే ప్రశ్న. ఒక సలహా చెబుతాను. మీ పెద్దవాళ్లు నిజంగా ఇష్టపడే మీకు ఆస్తి రాస్తుంటే, వాళ్లకు వేరే న్యాయవాదిని పెట్టండి. ఆయన మీరు లేనప్పుడు వాళ్లతో మాట్లాడాలి, పత్రం వాళ్ల భాషలో చదివి వినిపించాలి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే ఆ పత్రాన్ని కాపాడేది అదే.

మోసం, తప్పుడు సమాచారం 17, 18 సెక్షన్లు. తెలిసి అబద్ధం చెప్పి నమ్మిస్తే మోసం. నిజమని నమ్మి తప్పు చెబితే తప్పుడు సమాచారం. రెండింట్లోనూ ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. మోసంలో నష్టపరిహారం కూడా అడగవచ్చు. చాలామందికి తెలియని ఒక సంగతి ఈ 17వ సెక్షన్‌లో ఉంది. నెరవేర్చే ఉద్దేశం ఏమాత్రం లేకుండా ఇచ్చిన హామీ కూడా మోసమే. ఇచ్చిన మాట తప్పడం మోసం కాదు. ఇచ్చే రోజునే తప్పాలని ఉంటే మోసం.

నోరు మూసుకోవడం సంగతి? మౌనం అర్ధాంగీకారం అంటాం కానీ, చట్టంలో మౌనం మోసం కాదు. చెప్పాల్సిన బాధ్యత ఉన్నప్పుడో, ఆ మౌనమే మాటతో సమానమైనప్పుడో మాత్రమే అది మోసం. ఇంకో షరతు కూడా ఉంది. తప్పుడు సమాచారం విషయంలోనూ, మౌనం ద్వారా జరిగిన మోసం విషయంలోనూ, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉండి ఉంటే ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరు. అవతలివాడు నోరు తెరిచి చెప్పిన పచ్చి అబద్ధానికి ఈ మినహాయింపు వర్తించదు. కాబట్టి "ఏమీ చెప్పలేదు" అన్న వాదన కంటే "ఇలా చెప్పాడు, అది అబద్ధం" అన్న వాదన ఎన్నో రెట్లు బలమైనది. కొనేముందు ప్రశ్నలు వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా అడగమని నేను చెప్పేది అందుకే. జవాబు వస్తే అది ప్రకటన అవుతుంది. రాకపోతే మీరే వెనక్కి తగ్గవచ్చు.

సరే, కారణం దొరికింది. ఇప్పుడేం చెయ్యాలి? ఇంగ్లండ్‌లో జరిగిన రెండు కేసులు పక్కపక్కన పెట్టి చెబుతాను. మన కోర్టుల్లోనూ ఇవి వాదనకు వస్తుంటాయి.

1960 జనవరిలో ఒకాయన తన జాగ్వార్ కారు అమ్మాడు. చెక్కు చెల్లలేదు. కొన్నవాడు మాయం. యజమాని బ్యాంకులో సంగతి తెలియగానే పోలీసుల దగ్గరికి వెళ్లాడు, మోటారు వాహనదారుల సంఘానికీ చెప్పి కారు వెతికించమన్నాడు. తర్వాత ఆ కారు చేతులు మారి మారి ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర తేలింది. మామూలుగా అయితే నిజాయితీగా డబ్బు పెట్టి కొన్న మూడోవాళ్లకు ఆ కారు దక్కేది. కానీ అది వాళ్లకు చేరకముందే ఈయన తన ప్రవర్తనతో అమ్మకాన్ని రద్దు చేసేశాడని కోర్టు చెప్పింది. మోసగాడు దొరకనప్పుడు, అతనికి చెప్పడం సాధ్యం కానప్పుడు, చెయ్యగలిగినదంతా చెయ్యడమే రద్దు. కారు ఆయనదే అయ్యింది.

రెండోది లాంగ్ వర్సెస్ లాయిడ్, 1958. ఒకాయన లారీ కొన్నాడు. అసాధారణంగా మంచి స్థితిలో ఉందని అమ్మినవాడు చెప్పాడు. రెండు రోజుల్లోనే లోపాలు బయటపడ్డాయి. డైనమో పనిచెయ్యదు, చక్రం పగిలింది, ఇంధనం తాగేస్తోంది. కొన్నాయన ఫిర్యాదు చేస్తే డైనమో ఖర్చులో సగం ఇస్తానన్నాడు అమ్మినవాడు. సరే అని తీసుకుని, లారీని మళ్లీ దూరప్రయాణానికి పంపాడు. దారిలో చెడింది. అప్పుడు డబ్బు వాపసు అడిగాడు. కోర్టు ఒప్పుకోలేదు. లోపాలు తెలిశాక సగం ఖర్చు పుచ్చుకోవడం, మళ్లీ పనికి పంపడం, ఈ రెండింటితో ఆయన ఆ కొనుగోలును ఖాయం చేసుకున్నట్టే.

ఒకాయన గంటల్లో కదిలాడు, గెలిచాడు. ఇంకొకాయన సర్దుకుపోయాడు, ఓడాడు. మనవాళ్లలో ఎక్కువమంది రెండో ఆయనలా చేస్తారు. మర్యాదకు పోతారు, గొడవెందుకులే అనుకుంటారు, ఒక వాయిదా కట్టేస్తారు, ఇంకో చిన్న లాభం పుచ్చుకుంటారు. నిజం తెలిశాక ఒప్పందం కింద మీరు తీసుకునే ప్రతి రూపాయీ మీ హక్కును తినేస్తుంది. తప్పనిసరై తీసుకుంటే "నా అభ్యంతరానికి లోబడి తీసుకుంటున్నాను" అని రాసి తీసుకోండి.

బీమా క్లెయిము చెల్లింపుల్లో ఇది రోజూ కనిపిస్తుంది. "పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరించాను" అని ముద్రించిన వోచరు మీద సంతకం పెడితే తప్ప డబ్బు ఇవ్వమంటారు. నష్టంలో ఉన్న మనిషి పెడతాడు. అలా ఒత్తిడితో రాయించుకున్న వోచరు వివాదానికి తెరదించినట్టు కాదని సుప్రీంకోర్టు 2008లో బోఘారా పాలీఫ్యాబ్ కేసులో చెప్పింది. చాలా మంచి తీర్పు. కానీ 2014లో జీనస్ పవర్ కేసులో సంతకం పెట్టిన మూడు వారాల తర్వాత ఒత్తిడి మాట ఎత్తితే, వివరాలూ ఆధారాలూ లేని ఆ మాటను కోర్టు పట్టించుకోలేదు. ఒత్తిడి నిజమైతే అదే రోజో మర్నాడో ఒక ఈమెయిల్ పంపడానికి ఏమీ అడ్డు రాదు కదా అన్నది ఎవరికైనా వచ్చే ప్రశ్న. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి.

రద్దు అంటే వదిలించుకోవడం ఒక్కటే కాదు. 64వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం కింద అవతలివాళ్ల నుంచి మీరు పొందిన లాభాన్ని వీలైనంతవరకు తిరిగి ఇవ్వాలి. పొలం వెనక్కి కావాలి, తీసుకున్న డబ్బు మటుకు ఇవ్వనంటే కుదరదు. ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా వాడరు. మోసపోయినవాడు రద్దు చెయ్యకుండా, "మీరు చెప్పింది నిజమై ఉంటే నేను ఏ స్థితిలో ఉండేవాడినో ఆ స్థితిలో నన్ను పెట్టండి" అని పట్టుబట్టవచ్చు. ఇది 19వ సెక్షన్‌లో ఉంది. ఇల్లు నచ్చింది, అప్పు ఒకటి దాచారు అనుకోండి. ఇల్లు వదులుకోనక్కర్లేదు, ఆ అప్పు తీర్చమని అడగవచ్చు.

పొరపాటు గురించి క్లుప్తంగా చెబుతాను. ఇద్దరూ ఒప్పందానికి కీలకమైన వాస్తవం విషయంలో పొరబడితేనే 20వ సెక్షన్ కింద అది చెల్లదు. ఒక్కరే పొరబడితే సాధారణంగా లాభం లేదు. విలువ అంచనా తప్పితే అది వాస్తవంలో పొరపాటు కిందికే రాదు. ఎక్కువ ధరకు కొన్నాను అన్నది బాధ కావచ్చు, కారణం కాదు. 1864 నాటి రాఫిల్స్ కేసులో బొంబాయి నుంచి పీర్‌లెస్ అనే ఓడలో వచ్చే సూరత్ పత్తి కొన్నారు. ఆ పేరుతో ఓడలు రెండున్నాయి. ఒకటి అక్టోబరులో, ఇంకోటి డిసెంబరులో బయల్దేరాయి. ఒకరి మనసులో ఒకటి, రెండోవారి మనసులో ఇంకోటి. ఇద్దరూ ఒకే అర్థంలో ఒప్పుకోనే లేదు. ఇక పత్రంలో సర్వే నంబరు తప్పు పడటం లాంటివాటికి రద్దు అక్కర్లేదు. ఇద్దరి ఉద్దేశమూ ఒకటే అయి, రాతలో తప్పు దొర్లితే 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 26వ సెక్షన్ కింద సవరింపు అడగవచ్చు.

సమ్మతి సక్రమంగానే ఉన్నా షరతే చట్టానికి పొసగకపోవచ్చు. 23వ సెక్షన్ ప్రజాహితానికి విరుద్ధమైనదాన్ని తోసేస్తుంది. ఏ కారణమూ చెప్పకుండా మూడు నెలల నోటీసుతో పర్మనెంట్ ఉద్యోగిని తీసెయ్యవచ్చన్న నిబంధనను 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. బేరమాడే శక్తి లేని మనిషి ముందు ముద్రించిన కాగితం పెట్టి, చుక్కల గీత మీద సంతకం పెట్టమంటే అది ఏ పాటి ఒప్పందం అన్నది ఆ తీర్పు సారం. 2019లో పయొనీర్ అర్బన్ కేసు అపార్ట్‌మెంట్లు కొనేవాళ్లందరూ తెలుసుకోవాలి. కొనుగోలుదారు ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ కట్టాలి. బిల్డరు ఆలస్యం చేస్తే 9 శాతమే ఇస్తాడు. ఇలాంటి ఏకపక్ష షరతులకు కొనుగోలుదారుణ్ణి కట్టిపడెయ్యలేమని కోర్టు చెప్పింది. అదే ఏడాది వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందం అన్నదాన్ని నిర్వచించింది కూడా. అయితే ఆ ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో లేదా జాతీయ కమిషన్‌లో వెయ్యాలి. ఈ సంగతి తెలియక జిల్లాలో వేసి నెలలు పోగొట్టుకోవద్దు.

మరొక్క కారణం. ఒప్పందం చేసుకున్న రోజున అంతా బాగానే ఉంది, తర్వాత పరిస్థితి తలకిందులైంది. ఇది 56వ సెక్షన్. 1863లో టేలర్ వర్సెస్ కాల్డ్‌వెల్ కేసులో నాలుగు కచేరీలకు సంగీతశాల అద్దెకు మాట్లాడుకున్నారు. ఈలోగా అది కాలిపోయింది. ఇద్దరికీ విముక్తి. మన సుప్రీంకోర్టు 1954లో సత్యబ్రత ఘోష్ కేసులో, అసాధ్యం అంటే అక్షరాలా అసాధ్యమే కానక్కర్లేదు, ఒప్పందం ఉద్దేశమే కూలిపోతే చాలు అంది. అయినా అదే కేసులో, యుద్ధకాలంలో ప్రభుత్వం ఆ భూమిని తాత్కాలికంగా తీసుకున్నంత మాత్రాన ఒప్పందం పోలేదని తేల్చింది. ధరలు పెరగడం అసలు కారణమే కాదు. 1960లో సైన్యానికి నెయ్యి సరఫరా చేసిన అలోపీ పర్షాద్ కేసులోనూ, 2017లో ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిన ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులోనూ కోర్టు మాట ఒకటే. కష్టమైంది, నష్టమైంది అంటే కుదరదు. కాబట్టి ఊహించగలిగిన విపత్తులన్నీ ఒప్పందంలోనే ఫోర్స్ మెజూర్ క్లాజులో, అంటే మన చేతిలో లేని విపత్తులు వస్తే ఏం జరగాలో చెప్పే షరతులో, రాసుకోవాలి. చట్టం మీద వదిలేస్తే అది చాలా తక్కువ ఇస్తుంది.

ఇక కోర్టులో చెప్పే తీరు. "లిఖిత పత్రం ఉన్నప్పుడు నోటి సాక్ష్యం చెల్లదు" అని అవతలి న్యాయవాది లేస్తారు. భారతీయ సాక్ష్య అధినియమం 95వ సెక్షన్, అంటే పాత సాక్ష్య చట్టంలో 92, ఆ నియమానికి మినహాయింపు పెట్టింది. మోసం, బెదిరింపు, పొరపాటు, చట్టవిరుద్ధత వంటివి నిరూపించడానికి నోటి సాక్ష్యం ఇవ్వవచ్చు. కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 4 ప్రకారం మోసం, అనుచిత ప్రభావం, తప్పుడు సమాచారం అని ఆరోపిస్తే వాటి వివరాలు, అవసరమైతే తేదీలతో సహా, దావాలోనే ఉండాలి. "ప్రతివాది మోసగించి రాయించుకున్నాడు" అని ఒక్క వాక్యం రాసిన దావాలు కుప్పలు కుప్పలుగా పోతుంటాయి. జూనియర్ మిత్రులు ఇది మనసులో పెట్టుకోవాలి. కక్షిదారు ఏడుస్తూ చెప్పిన కథలో తేదీలు ఉండవు. ఓపికగా కూర్చుని అవి రాబట్టడం మన పని.

మీరు పంపే నోటీసులో కూడా అవే ఉండాలి. ఏ తేదీన, ఎక్కడ, ఎవరెవరి ముందు సంతకం పెట్టారు. అప్పుడు మీకు ఏం చెప్పారు, లేదా ఏమని బెదిరించారు, వీలైనంతవరకు అవే మాటల్లో. నిజం మీకు ఎప్పుడు, ఏ కాగితం ద్వారా తెలిసింది. ఈ నోటీసుతో ఒప్పందాన్ని రద్దు చేస్తున్నానని స్పష్టమైన ఒక్క వాక్యం. తీసుకున్నది తిరిగి ఇవ్వడానికి సిద్ధమని ఇంకో వాక్యం. రద్దును అవతలివాళ్లకు తెలియజెయ్యాలని 66వ సెక్షన్ చెబుతోంది కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు పెట్టుకోండి. అవతలివాడు ఆస్తి ఇంకొకరికి అమ్మబోతున్నాడని తెలిస్తే ఆ కొనబోయేవారికీ ఒక ప్రతి పంపండి. ఆ తర్వాత వాళ్లు తెలియక కొన్నామని చెప్పుకోలేరు. నోటీసు ఇచ్చాం కదా అని దావా గడువు మర్చిపోకండి. నోటీసు ఆ మూడేళ్ల లెక్కను ఆపదు.

పత్రాలు వెంట తెచ్చినవాళ్లు ఉంటే అవి బయటికి తీయండి. ముందుగా, నిజం తెలిసి రెండేళ్లు దాటినవాళ్లు ముందు వరుసలోకి రండి. వాళ్లవి మొదట చూద్దాం.